నిదానం

'నిదానం' అనే మాటకు మన నిత్యవ్యవహారంలో ఒక అర్థం, వైద్యశాస్త్రంలో మరొక అర్థం ఉన్నవి. నిదానంగా నడవండి, నిదానంగా చదవండి అన్నప్పుడు తొందరపాటు లేకుండా అని భావం. ఆయుర్వేదంలో నిదానమంటే రోగానికి మూలకారణం. ఆ కారణాన్ని నిర్ణయించే విద్యకు కూడా అదే పేరు. మాధవకరుని గ్రంథాన్ని లోకం 'మాధవనిదానం' అని పిలుచుకోవడం అందువల్లనే. ఉర్దూలో దీనిని 'తష్ఖీస్' అంటారు. వెనుకటి హకీములు నబ్జ్ మీద వ్రేళ్ళుంచి, కన్నులు మూసుకొని, తష్ఖీస్ పూర్తి అయిన తరువాతనే నుస్ఖా వ్రాసేవారని మా ఇంటి పెద్దలు చెప్పగా విన్నాను. తెలుగు చెప్పుకొని బ్రతికే నాకు ఈ మాటలోని రెండర్థాలూ ఒక్కచోట కలిసి కనిపించినది పాత గుంటూరులో, ఒక రేకుల షెడ్డు క్రింద, బానెట్టు ఎత్తి నిలిపిన అంబాసిడర్ కారు ముందు.

అంబాసిడర్ అంటే ఇప్పటి విద్యార్థులకు సినిమాలలో మంత్రులు దిగే తెల్లకారుగానే తెలుసు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు రూపాన్ని తీసుకొని, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివరి నుంచి 2014 మే నెల వరకు దీనిని తయారుచేశారు. పైకి ఎన్ని మార్పులు చేసినా చాలాకాలం లోపలి పెట్రోలు ఇంజను ఒకటే: 1489 సి.సి., నాలుగు సిలిండర్లు. మా మామూ దగ్గర ఉన్నది 1984లో మా నానా కొన్న మార్క్ ఫోర్ బండి. నానా పోయిన తరువాత అది మామూ చేతికి వచ్చింది. పొన్నూరులో ఆ కారు ఎక్కని పెళ్ళికూతురు మా బంధువర్గంలో లేదని చెప్పుకుంటారు.

ఇటువంటి బండిని ఇంకా ఎందుకు ఉంచుకున్నారని అడిగేవారు చాలామంది. దానికి మామూ ఇచ్చే జవాబు చిన్నది: వెనుక సీటు. మా ముమానీకి మూత్రపిండాలు చెడి, వారానికి రెండుసార్లు, మంగళవారం, శనివారం, గుంటూరులో డయాలిసిస్ జరుగుతున్నది. రక్తశుద్ధి ముగిసి బయటికి వచ్చేసరికి ఆమె కూర్చోలేదు. అంబాసిడర్ వెనుక సీటు ఇంట్లోని దివాను వంటిది. కాళ్ళు కొద్దిగా ముడుచుకొని పడుకోవచ్చు. ఆటోలోని కుదుపు ఆమె ఓర్చుకోలేదు. కొత్తకారు కొనే శక్తి మామూకు లేదు. కనుక ఆ బండి నడవడం, నడవకపోవడం ఆ ఇంట్లో ఒక సరదాకు సంబంధించిన విషయం కాదు.

2025 జనవరిలో కారుకు జబ్బు చేసింది. ఉదయం చోకు లాగి స్టార్టు చేస్తే చక్కగా అందుకునేది. పొన్నూరు నుంచి చేబ్రోలు మీదుగా గుంటూరు దాకా ఏ ఇబ్బందీ లేదు. గుంటూరులో మొదటి కూడలి దగ్గర ఆపేసరికి ఇంజను వణకడం మొదలు పెట్టేది. గేరు లీవరు చేతిలో కొట్టుకునేది. అద్దాలు గలగలమనేవి. రెండు మూడు క్షణాలు అట్లా ఊగిసలాడి ఆగిపోయేది. యాక్సిలరేటరు కొంచెం త్రొక్కి తాళం త్రిప్పితే వెంటనే మళ్ళీ అందుకునేది. తరువాతి కూడలిలో మళ్ళీ అదే కథ. ఫిబ్రవరి గడిచేసరికి లాడ్జి సెంటర్ దాటేలోపల నాలుగుసార్లు ఆగడం మామూలైపోయింది. వెనుక ముమానీ పడుకొని ఉండగా, ముందూ వెనుకా హారన్లు మ్రోగుతుండగా, డెబ్బయి దాటిన మనిషి తాళం త్రిప్పుతూ కూర్చున్న దృశ్యాన్ని నేను ప్రక్క సీటులో ఉండి చూశాను.

ఇంజను ఖాళీగా, బండి నిలబడి ఉండగా తిరగడాన్ని ఇంగ్లీషు పుస్తకాలలో ఐడ్లింగ్ అంటారు. మన మెకానిక్కులు దానికి 'స్లో' అని పేరు పెట్టుకున్నారు. 'స్లో నిలవడం లేదు' అన్నది మా కారు జబ్బుకు వారి భాషలో పేరు. పేరు చెప్పడం నిదానం చేయడం కాదని మొదటి వర్క్‌షాపులోనే తెలిసింది. అక్కడి కుర్రవాడు బానెట్టు ఎత్తి, స్క్రూ డ్రైవరుతో కార్బురేటరు మీది స్లో స్క్రూను రెండు చుట్లు త్రిప్పి, 'అయిపోయింది సార్' అన్నాడు. నిజంగానే ఇంజను ఆగడం మానివేసింది. కాని అంతకుముందు నిమిషానికి ఆరేడు వందల చుట్లు తిరగవలసినది ఇప్పుడు వెయ్యి దాటి తిరగసాగింది. బ్రేకు మీద ఎక్కువ బలం పెట్టవలసి వచ్చింది. గేరు వేస్తే ఎగిరిపడేది. అన్నింటినీ మించి, తాళం తీసివేసిన తరువాత కూడా ఇంజను ఒక అర నిమిషం దగ్గుతూ తిరిగేది. స్పార్కు లేకపోయినా, వేడెక్కిన సిలిండరులోని నిప్పువంటి మసి వల్ల పెట్రోలు అంటుకుంటూనే ఉంటుంది. స్లో ఎక్కువగా పెట్టిన బండ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. మన పరీక్షల విభాగంలో గ్రేసు మార్కులు అని ఒక ఏర్పాటు ఉన్నది. విద్యార్థి ఎక్కడ తప్పుతున్నాడో చూడకుండా రెండు మార్కులు కలిపి గట్టెక్కించడానికీ ఈ స్క్రూ త్రిప్పడానికీ దగ్గరి చుట్టరికం ఉన్నదని, కళాశాల కమిటీ పెద్దలు కోపగించుకోకపోతే, చెప్పదలచుకున్నాను.

వారం తిరగకుండానే మళ్ళీ ఆగడం మొదలయింది. ఈసారి మరొక వర్క్‌షాపు. అక్కడ పెద్ద మెకానిక్కు అయిదు నిమిషాలు విని, ఇంజను బోరుకు వచ్చిందని తీర్పు చెప్పాడు. హెడ్డు విప్పాలి, వాల్వులు మార్చాలి, పిస్టన్లు, రింగులు, అన్నీ కలిపి 60,000 రూపాయలు. అతడు చెప్పిన కారణం మాత్రం కొట్టివేయదగినది కాదు. పూర్వం పెట్రోలులో సీసం కలిసి ఉండేది. ఆ సీసపు పూత ఎగ్జాస్టు వాల్వులూ వాటి సీట్లూ ఒకదానినొకటి అరగదీసుకోకుండా కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి మన దేశంలో సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. పోత ఇనుప హెడ్డు గల పాత ఇంజన్లలో సీట్లు మెల్లగా లోపలికి అరిగి, వాల్వు సరిగా మూసుకొనక, కంప్రెషను పోవడం కద్దు. అట్లా పోయినప్పుడు కూడా స్లో చెడుతుంది. మాట నిజమే, కాని అది ఈ ఇంజనుకు పట్టిందా లేదా అన్నది అతడు చూడలేదు. సాధ్యమైన కారణాన్ని చూచిన కారణంగా చెప్పాడు. ఆ రాత్రి మామూ కారును తూకానికి అమ్మివేస్తే ఎంత వస్తుందని నన్ను అడిగాడు. ముమానీ ప్రక్క గదిలో మెలకువగానే ఉన్నదని ఇద్దరికీ తెలుసు.

మార్చి నెలలో రంజాన్ వచ్చింది. ఆ నెలలోనే మా బంధువు ఒకరు పాత గుంటూరులోని ఉస్తాద్ పేరు చెప్పారు. అరవై అయిదు ఏండ్ల మనిషి. ఇప్పటి కంప్యూటరు బండ్లు ముట్టుకోడు. ఆ నోట ఈ నోట విని వచ్చే పాత ఫియట్లు, అంబాసిడర్లు, జీపులు మాత్రమే చూస్తాడు. మేము వెళ్ళినది జొహర్ నమాజు తరువాత. రోజా ఉన్న కుర్రవాళ్ళు నీడన పడుకున్నారు. షెడ్డులో సుత్తి చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం మాకు కలిసివచ్చిందని తరువాత తెలిసింది.

"ఉస్తాద్, ఇంజను బోరుకు వచ్చిందంటున్నారు" అన్నాడు మామూ మా ఉర్దూలో.

"అన్నది ఇంజనా, మనిషా?" అని అడిగాడు ఆయన.

బానెట్టు ఎత్తలేదు. ముందు ప్రశ్నలు. చల్లగా ఉన్నప్పుడు ఎట్లా ఉంటుంది? చోకు మీద నిలుస్తుందా? పరుగులో పట్టు తగ్గుతుందా? ఎత్తు ఎక్కేటప్పుడు కుంటుతుందా? ఆగినప్పుడు వెంటనే అందుకుంటుందా, చల్లారేదాకా ఆగాలా? ప్రతి ప్రశ్నా ఒక దారిని మూసివేయడానికేనని నాకు కొంతసేపటికి గాని అర్థం కాలేదు. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై అడ్డుపడితే బండి వెంటనే అందుకోదు, పంపు మీద తడిగుడ్డ వేసి చల్లార్చాలి. కాయిలో, కండెన్సరో వేడికి చచ్చిపోయినా అంతే. మా బండి ఆగిన మరుక్షణమే అందుకుంటున్నది గనుక ఆ రెండూ పోయినవి. కరెంటు బలహీనమైతే ఎత్తు ఎక్కేటప్పుడు, ఇంజను మీద భారం పడినప్పుడు ఎక్కువగా తెలుస్తుంది. మాది పరుగులో పులి. కనుక డెల్కో మీద అనుమానం సన్నగిల్లింది. డిస్ట్రిబ్యూటరుకు మన మెకానిక్కుల పేరు డెల్కో. ఒక అమెరికను కంపెనీ పేరు మన షెడ్లలో వస్తువు పేరై స్థిరపడింది. చోకు మీద బాగుండి, చోకు మూసివేసి వేడెక్కిన తరువాత చెడుతున్నదన్న జవాబు దగ్గర ఆయన తల ఊపాడు. చోకు లాగితే గాలి పాలు తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. ఆ పెరుగుదల ఏదో లోటును కప్పుతున్నది. లోటు పెట్రోలుదైనా కావాలి, లేదా గాలి ఎక్కువైనా కావాలి.

అప్పుడు ఇంజను స్టార్టు చేయించి, మొదటి వర్క్‌షాపువారు ఎక్కించిన స్క్రూను వెనుకకు త్రిప్పివేశాడు. జబ్బును ముందు బయటపడనివ్వాలని ఆయన అభిప్రాయం. ఇంజను వణకసాగింది. ఆయన సైలెన్సరు వెనుక కూర్చుని కాసేపు విన్నాడు. తరువాత మడ్‌గార్డు మీద అరచేయి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కొంతసేపటికి రెండవ చేతి వ్రేళ్ళతో బానెట్టు అంచు మీద వాయించి చూపాడు: రెండు గట్టి దెబ్బలు, రెండు మెత్తని దెబ్బలు, మళ్ళీ రెండు గట్టివి, రెండు మెత్తనివి.

ఆ వాయింపు విని నాకు నవ్వు వచ్చింది. గగము, లలము! రెండు గురువులు, రెండు లఘువులు. కాలంలో తేడా లేదు, బలంలోనే తేడా. అయినా తరగతిలో గురులఘువులు గుర్తించలేని విద్యార్థులకు ఆ ఇంజను వినిపించవలసినది అనిపించింది. తాళం కట్టిన ఆ వాయింపులో ఒక విశేషం ఉన్నది. ఈ ఇంజనులో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. నిమిషానికి 600 చుట్లు తిరిగితే నాలుగూ కలిసి క్షణానికి 20 పేలుళ్ళు. అంత వేగాన్ని చెవి లెక్కపెట్టలేదు. కాని నాలుగు పేలుళ్ళ ఆవృత్తి ఒకటి క్షణానికి అయిదుసార్లు తిరిగి వస్తుంది. ఒక సిలిండరు బలహీనమైతే ఆ ఆవృత్తిలో ఒకచోట గుంట పడుతుంది. దానినే మిస్సింగు అంటారు. పేలే వరుస 1, 3, 4, 2. మా బండిలో రెండు దెబ్బలు వరుసగా మెత్తగా పడుతున్నవంటే ఆ వరుసలో ప్రక్కప్రక్కన ఉన్న రెండు సిలిండర్లు బలం కోల్పోయాయన్న మాట. ఇవన్నీ ఉస్తాద్ నోటితో చెప్పలేదు. నేను అడిగితే, "నాలుగింటిలో రెండు పస్తున్నాయి లెక్చరర్ సాబ్, ఏ రెండో చూద్దాం" అన్నాడు.

చూచే పద్ధతి పాతదే. రబ్బరు పిడి గల పట్టకారుతో ఒక్కొక్క ప్లగ్గు తీగను తీసి పెట్టడం. మొదటి తీగ తీయగానే ఇంజను కూలబడబోయింది. రెండవదీ అంతే. మూడవది తీసినప్పుడు తేడా కొంచెమే. నాలుగవది తీసినా ఇంజను పెద్దగా పట్టించుకోలేదు. పనిచేసే వాడు సెలవు పెడితే కార్యాలయం ఆగుతుంది, చేయనివాడు సెలవు పెడితే ఎవరికీ తెలియదు. ఈ పని చూచి విద్యార్థులు వట్టిచేతులతో ప్లగ్గు తీగలు పట్టుకోవద్దు. ఆ కరెంటు వేల వోల్టులలో ఉంటుంది. తలుపులు మూసిన గదిలో ఇంజను ఆన్ చేసి పరీక్షలు చేయవద్దు. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు.

ప్లగ్గులు విప్పి వరుసగా గుడ్డ మీద పేర్చాడు. ఒకటి, రెండు బిస్కట్టు రంగులో ఉన్నవి. మూడు, నాలుగు తెల్లగా, సున్నం పూసినట్లు ఉన్నవి. పెట్రోలు పాలు చాలక, గాలి ఎక్కువై మండిన గుర్తు అది. ప్లగ్గుల రంధ్రాలలో కంప్రెషను గేజి పెట్టి చూశాడు. నాలుగూ అయిదు పౌన్ల తేడా లోపల సమానం. మామూ ఆ గేజి ముల్లును చూచిన చూపు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. వాల్వులు మూసుకుంటున్నవి, రింగులు పట్టి ఉన్నవి, మూడు నాలుగు సిలిండర్ల మధ్య హెడ్ ప్యాకింగు పోలేదు. 60,000 రూపాయల తీర్పు అక్కడితో కొట్టివేయబడింది.

ఇక మిగిలినది గాలి. ఎక్కడి నుంచి? ఇక్కడ ఈ ఇంజను నిర్మాణం తెలిసి ఉండాలి. నాలుగు సిలిండర్లకూ లోపలికి పోయే దారులు నాలుగు లేవు, రెండే ఉన్నవి. ఒకటి, రెండు సిలిండర్లు ఒక దారిని పంచుకుంటవి; మూడు, నాలుగు మరొకదానిని. కార్బురేటరే చెడితే నాలుగూ చెడాలి. ఒక సిలిండరుది సొంత జబ్బయితే ఒకటే చెడాలి. సరిగ్గా మూడు, నాలుగు కలిసి చెడినవంటే ఆ ఇద్దరూ త్రాగే ఉమ్మడి బావి దగ్గరనే ఏదో జరిగింది. ఇంత తెలిసిన తరువాత వెదకవలసిన చోటు జానెడు కూడా లేదు.

ఉస్తాద్ పాత పెట్రోలు గొట్టం ముక్క ఒకటి తీసుకొని ఒక కొస చెవిలో పెట్టుకున్నాడు. రెండవ కొసను ఇన్‌లెట్ మానిఫోల్డు అంచు వెంట మెల్లగా జరిపాడు. ముందు దారి దగ్గర ఏమీ లేదు. వెనుక దారి క్రింది మూల దగ్గర చేయి ఆగింది. గొట్టం నా చెవికి ఇచ్చాడు. సన్నని ఈల. పామును తొక్కినప్పుడు వచ్చే బుస వంటిది, కాని ఎడతెగనిది. తరువాత కుంచెతో ఆ అతుకు మీద ఇంజను ఆయిలు ఒక్క చుక్క పూశాడు. ఇంజను రెండు మూడు క్షణాల పాటు గగలలలు మాని సాఫీగా తిరిగింది. ఆయిలును లోపలికి పీల్చివేసి మళ్ళీ వణకసాగింది. మూడుసార్లు పూస్తే మూడుసార్లూ అదే జరిగింది. ఒకసారి జరిగినదాన్ని ఆయన నమ్మడు.

అంత చిన్న సందు పరుగులో ఎందుకు తెలియలేదు, నిలబడినప్పుడే ఎందుకు తెలిసింది అన్న సందేహం పాఠకులకు కలగవచ్చు. నిలబడి ఉన్నప్పుడు గాలి తలుపు దాదాపు మూసి ఉంటుంది. నాలుగు పిస్టన్లు దాని వెనుక పీలుస్తూ ఉండగా మానిఫోల్డులో శూన్యం ఏర్పడుతుంది; ఆరోగ్యంగా ఉన్న ఇంజనులో అది పాదరసపు కొలతలో 17 నుంచి 21 అంగుళాల దాకా ఉంటుంది. అంత పీల్పు మీద గోటి సందు కూడా గాలిని బలంగా లాగుతుంది. పైగా అప్పుడు ఇంజను త్రాగే గాలి మొత్తమే చాలా తక్కువ. ఆ తక్కువలో ఈ దొంగగాలి పెద్ద భాగమవుతుంది. పరుగులో తలుపు తెరిచి ఉంటుంది, శూన్యం తగ్గుతుంది, వచ్చే గాలి ఎన్నో రెట్లు ఎక్కువ. దొంగగాలి అందులో కలిసి కనపడకుండా పోతుంది. సంపన్నుల ఇంట్లో పోయిన రూపాయి, పేదవాని ఇంట్లో పోయిన రూపాయి ఒకటి కాకపోవడం వంటిదే.

ఇన్నేండ్లు లేనిది ఇప్పుడే ఎందుకు బయటపడింది? ప్యాకింగు పాతబడడం ఒక కారణం. నా ఊహలో మరొక కారణం కూడా ఉన్నది. పెట్రోలులో ఇథనాలు 20 శాతం కలపడం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఇథనాలులో ఆక్సిజను దానిలోనే ఉన్నది. పాత లెక్క ప్రకారం అమర్చిన కార్బురేటరులో అది మండినప్పుడు గాలి కొంచెం ఎక్కువైనట్లే అవుతుంది. అప్పటికే అంచున ఉన్న మూడు, నాలుగు సిలిండర్లను అది అంచు దాటించి ఉంటుంది. ఇథనాలు పాత రబ్బరును కూడా మెత్తబరచి పాడుచేస్తుంది. ఉస్తాద్ ఆ రోజే పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రము మార్చవలసిందని చెప్పి మార్చాడు.

మరునాడు మానిఫోల్డు విప్పారు. వెనుక మూల స్టడ్డు మర పోయి ఉన్నది. నట్టు బిగించినట్లు కనిపిస్తూ వట్టిగా తిరుగుతున్నది. ప్రక్కనే ఎగ్జాస్టు మానిఫోల్డు ఎర్రగా కాలుతూ ఉండడం వల్ల అంచు కొంచెం వంగింది. స్కేలు ఆనించి దీపానికి ఎదురుగా పట్టుకుంటే, ఆ మూల క్రింద వెలుతురు వెంట్రుక సందున వచ్చినట్లు కనిపించింది. లేతు మిషను మీద అంచు చదును చేయించి, కొత్త స్టడ్డు, కొత్త ప్యాకింగు వేసి, నట్లన్నింటినీ మధ్య నుంచి చివరలకు కొంచెం కొంచెంగా బిగించాడు. ఒక మూలను పూర్తిగా బిగించి తరువాత రెండవ మూలకు పోతే అంచు మళ్ళీ వంగుతుందట.

గాలి సందు మూసిన తరువాత గాని మిగిలిన సర్దుబాట్లు ముట్టుకోలేదు. ఆ వరుస కూడా చూడదగినది. డెల్కోలోని పాయింట్ల ఎడం అంగుళంలో 15 వేలవంతులు, ప్లగ్గులది 25 వేలవంతులు. ఆ తరువాత కార్బురేటరు. మా బండిది ఎస్.యు. రకం. అందులో పైన గంట వంటి గూడు క్రింద ఒక పిస్టను గాలితో పాటు లేస్తూ దిగుతూ ఉంటుంది. దానికి కట్టిన సూది పెట్రోలు రంధ్రాన్ని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. క్రింద చిన్న పుల్ల ఒకటి ఉన్నది. దానితో పిస్టనును అంగుళంలో 32వ వంతు పైకెత్తితే చాలు, ఇంజను తన రహస్యం చెప్పివేస్తుంది. వేగం పెరిగి అట్లాగే నిలిస్తే పెట్రోలు ఎక్కువ. పడిపోయి ఆగబోతే తక్కువ. క్షణకాలం కొద్దిగా పెరిగి యథాస్థితికి వస్తే సరిగ్గా ఉన్నట్లు. మరమ్మతుకు ముందే ఈ పని చేసి పెట్రోలు పెంచి ఉంటే, మూడు నాలుగు సిలిండర్లు కుదుటపడి ఒకటి రెండు మసి పట్టి చచ్చేవి. మొదటి వర్క్‌షాపు కుర్రవాడు మొట్టమొదట త్రిప్పిన స్లో స్క్రూను ఉస్తాద్ అన్నింటికన్నా చివర త్రిప్పాడు. అదీ పావు చుట్టు.

స్టార్టు చేసి, మడ్‌గార్డు మీద చేయి వేసి చూడమని మామూకు చెప్పాడు. మామూ చాలాసేపు చేయి తీయలేదు. నేను సైలెన్సరు దగ్గర నిలబడి గురులఘువులు వెదికాను. ఒకే మాదిరి దెబ్బలు వరుసగా పడుతున్నవి. నెలరోజులుగా చేతిలో కొట్టుకున్న గేరు లీవరు నిశ్చలంగా ఉన్నది. లేతు ఖర్చు, సామాను, కూలి అన్నీ కలిపి 3,000 రూపాయలు దాటలేదు. ఇఫ్తారుకు ఉండి పొమ్మన్నాడు గాని, మరునాడు శనివారం, ముమానీని తీసుకురావలసిన రోజు. పొన్నూరు చేరి ఆమెకు ఈ సంగతి చెప్పాలని మామూకు తొందరగా ఉన్నది.

కొత్త ప్యాకింగు వేడికి కుదురుకుంటుంది గనుక 300 కిలోమీటర్లు నడిచిన తరువాత బండి తెచ్చి నట్లు మళ్ళీ బిగించుకొని పొమ్మని ఉస్తాద్ చెప్పాడు. ఈద్ వెళ్ళిన తరువాత, ముమానీ ఆసుపత్రిలో ఉన్న నాలుగు గంటల వ్యవధిలో తీసుకువెళ్ళాము. పానా పెట్టి ఒక్కొక్కటే చూశాడు. వెనుక మూల నట్టు కొంచెం తిరిగింది. మిగిలినవి కదలలేదు.